సముద్రం అడుగున తిండి

కాప్రాలోని ఇంట్లో అత్త నాంచారమ్మ పక్కన కూర్చుని రొయ్యలు ఒలుస్తూ, యోగిత మర్నాడు కాలేజీలో చెప్పాల్సిన పాఠాన్ని ఆమెకు వినిపిస్తోంది. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పాకిన ట్రైలోబైట్లనే పెంకు జీవులకు దవడలు లేవు. కాళ్ల మొదళ్లలోని ముళ్లతో తిండిని నలిపి, పొట్ట కింది గాడి వెంట నోటికి చేరవేసేవని పరిశోధకుల ఊహ.

"కాళ్లతో నమిలేవా? మా పెద్దాడే నయం, నోటితో తింటాడు," అని నవ్వింది నాంచారమ్మ. "బతికున్నవాటినే తినేవా?"

"కొన్ని వేటాడేవి అత్తయ్యా. కొన్నేమో అడుక్కి చేరిన శవాలని..."

యోగిత నాలుక కరుచుకుంది. సముద్రంలో పడవ మునిగి ఏడాదైనా, నాంచారమ్మ చిన్నకొడుకు శవం దొరకనేలేదు.

"అవెప్పుడో అంతరించిపోయాయి అత్తయ్యా."

"రొయ్యలు ఉన్నాయి గదే," అంది నాంచారమ్మ గిన్నెలోకి చూస్తూ.

నాంచారమ్మ చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని ఇంట్లోంచి వెళ్లిపోయింది.