మారెక్క శోకానికి పద్దెనిమిది మార్కులు

ఓబులమ్మ మూడో మరుగుదొడ్డిలో ఫినాయిలు కుమ్మరించి, చీపురు పుల్లలు ఒక పక్కకు వంగేదాకా రుద్దింది. నిన్న పరీక్ష రాసిన పిల్లకాయలు కాపీ చీటీలన్నీ గుంతలోనే కుక్కిపోయారు. అవి ఉబ్బి పైకి తేలాయి. పుల్లతో ఒక్కొక్కటే లాగుతుంటే ఒకదాని మీద ‘ఉపమానము, ఉపమేయము’ అన్న అక్షరాలు ఇంకా చెరిగిపోకుండా కనిపించాయి. మొహం తిప్పుకుని ఉమ్మేసింది.

ముదిగుబ్బలోని ఆ డిగ్రీ కాలేజీలో పందొమ్మిదేళ్లుగా ఆమె చేసే పని ఇదే. నలభై మూడేళ్ల మనిషి. వేళ్ల సందుల్లో తోలు తెల్లగా పొక్కిపోయి ఉంటుంది. ఆదివారం మాత్రం పని ముగించి, చేతులు మూడుసార్లు సబ్బుతో తోముకుని, చీర మార్చుకుని, అదే కాలేజీలో జరిగే దూరవిద్య క్లాసుకు పోయి చివరి బెంచీలో కూర్చుంటుంది. బి.ఏ. పాసైతే లైబ్రరీలో వేస్తామని ప్రిన్సిపాలు మాటిచ్చాడు. పుస్తకాల దుమ్ము ఎంతైనా దులపొచ్చు, ఈ కంపు మాత్రం ఇంక తన వల్ల కాదు. మిగిలింది తెలుగు పేపరొక్కటే.

తెలుగు చెప్పే విష్ణువర్ధన్ సారు అలంకారాల మీద ప్రాజెక్టు రాయమంటే అందరూ గైడులోంచి ఎత్తి రాశారు. ఓబులమ్మ తన తల్లి మారెక్క శోకాన్ని ఫోనులో రికార్డు చేసి, పాటతో పాటు రాసిచ్చింది. చుట్టుపక్కల ఐదు పల్లెల్లో ఎవరు పోయినా మారెక్కను పిలవాల్సిందే. పోయిన మనిషి మంచీచెడ్డా అంతా రాగం తీసి ఏకరువు పెడుతుంది. అయితే శవం లేనిచోట శోకం తీయడం అరిష్టం. ఓబులమ్మ వారం రోజులు వెంటపడి వేధించింది.

“సచ్చినోళ్లు లేకుండా శోకమేందే? నీకేమన్నా మతి పోయినాదా?” అంది మారెక్క.

“మార్కులొస్తాయమ్మా. ఒక్క తూరి పాడు.”

చివరికి మారెక్క ఊరవతల ఎండిన వంక ఇసుకలో కూర్చుని, ఎనిమిదేళ్ల కిందట పోయిన మొగుడి కోసం పాడింది. ఫోను ఆపాక మూడు రోజులు కూతురితో మాట్లాడలేదు.

ఇవాళ సారు ఆ పాటను స్పీకరులో పెట్టాడు. మారెక్క గొంతు క్లాసురూములో గరగరలాడింది.

“వాన దిగే పూటకు పోతివా నా రాజా, గంపలో ఇత్తనాలు గంపలోనే ఉండాయి. ఎండిన బోరుకు మూత పెట్టినట్ల నా నోటికి మూత పెడితివా!”

“ఉపమేయం ఏది?” అన్నాడు సారు, వక్కాకు నములుతూ.

“నోరు సార్,” అంది ముందు బెంచీలో ఒకామె.

“ఉపమానం?”

“బోరు సార్. ప్రాస కూడా కుదిరింది!” అన్నాడు బట్టల షాపులో పనిచేసే ప్రతాప్.

క్లాసంతా పగలబడి నవ్వింది. సారూ నవ్వాడు. ఎర్రటి ఉమ్మి గడ్డం మీదికి జారితే రుమాలుతో తుడుచుకున్నాడు.

“ఓబులమ్మా, బాగా చేసినావు. కరుణ రసానికి స్థాయీభావం శోకమని యాడా రాయలేదు, అందుకే రెండు మార్కులు తగ్గించినా. ఇరవైకి పద్దెనిమిది.”

శోకం గురించి రాయలేదట! ఆ వక్కాకు నోరు చూస్తే ఓబులమ్మకు పొద్దున కడిగిన గుంతలే నయమనిపించింది. కానీ పద్దెనిమిది అనగానే తన గుండె ఎగిరి గంతేసింది. ఆ సంతోషం తెలిసొచ్చాక తన మీద తనకే రోత పుట్టింది.

అప్పుడే ఫోను మోగింది. పక్కింటి తిమ్మక్క.

“యాడుండావే? బిరీన రా. మీయమ్మ చెనిక్కాయలు ఒలుస్తా ఒలుస్తా పక్కకు వాలిపోయినాది. పలకడం లేదు.”

ఆటో దిగేసరికి మారెక్కను నట్టింట్లో చాప మీద పడుకోబెట్టారు. గోళ్లలో ఇంకా ఎర్రమట్టి ఉంది. ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని ఓబులమ్మ కోసం చూస్తున్నారు. తల్లి పోతే శోకం కూతురే ఎత్తుకోవాలి. ఆమె ఎత్తుకుంటేనే మిగతావాళ్లు అందుకుంటారు.

ఓబులమ్మ తల్లి పక్కన కూలబడింది. మాట దానంతటదే వచ్చింది.

“ఒలిచిన కాయ మాదిరి నన్ను ఒట్టి పొట్టు చేసి పోతివా నా తల్లీ...”

కాయ ఉపమానం. నేను ఉపమేయం. మాదిరి అన్నది ఉపమావాచకం. నోరు ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది. “నా ఇంటి దీపమా...” రూపకం. ప్రతాప్ నవ్వు చెవుల్లో పడింది. కళ్లలో నీళ్లున్నాయి, గొంతులో రాగం ఉంది. ఒక్క మాట కూడా పేరు తగిలించుకోకుండా పైకి రావడం లేదు.

“ఏడువ్వే!” అంది తిమ్మక్క భుజం పట్టి కుదుపుతూ. “ఊరందరికీ ఏడిచినాది గదే మీయమ్మ. ఆమెకు నువ్వన్నా ఏడవొద్దా?”

“రావడంలేదక్కా. నోరు తెరిస్తే ఆ సారు బోర్డే కనపడతాండాది.”

“సదువుకునింది గదా, మనమాదిరి ఏడిస్తే నామోషీ” అని వెనక ఎవరో ఈసడించారు. ఓబులమ్మ తల ఎత్తలేదు.

పొద్దు వాలుతుంటే మగవాళ్లు ఇంక ఆగేది లేదన్నారు. ఐదు పల్లెల్లో పీనుగలకు శోకం తీసిన మారెక్క ఏ శోకమూ లేకుండా, డప్పు పలక దెబ్బ ఒక్కటే వెంటరాగా వీధి దాటింది.

శవం వెళ్లాక ఇల్లు కడగాలి. ఓబులమ్మ బకెట్టు నింపి, చీర ఎగ్గట్టి, మూలనున్న నులక మంచం పక్కకు లాగింది. కోడు తుడవబోయి ఆగిపోయింది. ఊరివాళ్ల రోతంతా పందొమ్మిదేళ్లు ఎత్తిపోసిన చెయ్యి అక్కడ మాత్రం ముందుకు సాగలేదు. బకెట్టు దూరంగా జరిపి కిందనే కూర్చుంది.

మంచం కోడుకు, మళ్లీ నములుదామని మారెక్క అంటించి పెట్టుకున్న పొగాకు ముద్ద, పంటి గాట్లతో, ఇంకా తడి ఆరకుండా ఉంది.