ప్రస్థానం పెట్టిన సంచి

ఏలూరులో కాలేజీ చదువు ముగిసే రోజుల్లో చంద్రకళ, మాణిక్యం, నేను ఒక మాట అనుకున్నాం. నరసాపురంలో రైలు దిగి, సముద్రాన్ని ఎడమచేతి వైపు ఉంచుకుని, కాళ్ళు వద్దనేదాకా నడవాలని. ఏడేళ్ళు గడిచాక, యాభై ఆరులో, చంద్రకళకు స్కూలునుంచి వారం రోజులు సెలవు దొరికింది. ఏలూరులో యుద్ధంనాటి మిలిటరీ సంచులు అమ్ముతుంటే మూడు కొని, ఒకటి తాడేపల్లిగూడెంలో నాకు ఇచ్చి వెళ్ళింది. గురువారం బయలుదేరి బుధవారం తిరిగిరావడం.

మావారు, అమ్మ ఒప్పుకుంటే తనకేమీ అభ్యంతరం లేదన్నారు. ఆయన పెళ్ళికి కూడా అలాగే ఒప్పుకున్నారట.

మా అత్తగారు సంచిని తిప్పి తిప్పి చూశారు.

"నెత్తిన పెట్టుకుంటారు, చంకన పెట్టుకుంటారు. వీపుమీదేవిటమ్మా, గంగిరెద్దులాగ?"

అయినా కాదనలేదు. పంచాంగం మాత్రం తీశారు. గురువారం దక్షిణానికి వారశూల, అంటే ఆ రోజు ఆ దిక్కుకు కదలకూడదు. దానికి విరుగుడు కూడా ఆవిడే చెప్పారు: బుధవారం మంచి గడియలో సామాను తీసుకెళ్ళి ఎదురింట్లో ఉంచితే ప్రస్థానం పెట్టినట్టు, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు. ఆ తరవాత మనిషి ఎప్పుడు వెళ్ళినా శూల అంటదు.

ఇదంతా ఆదివారం మాట. సోమవారం మధ్యాహ్నం ఆవిడ నిద్రపోతుండగా కార్డు వచ్చింది. భీమడోలునుంచి మా ఆడపడుచు రాసింది. శుక్రవారం భర్తా పిల్లలతో వస్తున్నారట, వారం రోజులు ఉంటారట. ఆయనకు వదిన చేతి గుత్తివంకాయ అంటే ప్రాణమని చివర ఒక ముక్క. ఆవిడ భర్తకు ప్రాణమైనవి ఇంకా పది ఉన్నాయి. కార్డు అత్తగారు చూస్తే నా ప్రయాణం వంటింటిదాకానే. పెసరపప్పు డబ్బా కింద పెట్టాను.

బుధవారం ఎనిమిదీ ఇరవైకి సంచి వీధి దాటి ఎదురింటి అచ్చమ్మగారి వసారాలో పీటమీద కూర్చుంది. పదకొండింటికి కార్డు అత్తగారి చేతికిచ్చాను. ఆవిడ కూడబలుక్కుని చదివారు, తిరగేశారు, మళ్ళీ చదివారు.

"ఇవాళొచ్చిందా?"

"ఇవాళే ఇస్తున్నానండీ," అన్నాను. అబద్ధం లేదు.

నేనే లేచి, ఇంటికి చుట్టాలొస్తుంటే వెళ్ళడం బాగుండదు, సంచి వెనక్కి తెచ్చేస్తానన్నాను. చెప్పులు కూడా వేసుకున్నాను.

"కూర్చో," అన్నారు. "ప్రస్థానం పెట్టిన సామాను వెనక్కొస్తుందటమ్మా ఎక్కడైనా?"

కూర్చున్నాను. ఎంత దిగులుగా కూర్చోవాలో అంత దిగులుగానూ. సాయంత్రం ఆవిడ జంతికల డబ్బా పట్టుకుని అచ్చమ్మగారింటికి వెళ్ళి, స్వయంగా సంచిలో పెట్టి వచ్చారు. నాకు కొంచెం సిగ్గేసింది. ప్రయాణం మానుకునేంత కాదు.

గురువారం నిడదవోలులో బండి మారి నరసాపురం చేరాం. రాత్రికి మాణిక్యం పిన్నిగారింట్లో పడుకుని, శుక్రవారం సాయంత్రానికి పేరుపాలెం ఇసుకలో కూలబడ్డాం. సంచి పట్టీలు భుజాలను కోసేశాయి. సముద్రం మేం అనుకున్నంతా ఉంది. మాణిక్యం జంతికల డబ్బా మూత తీసింది. పైన కార్డు ఉంది.

అదే కార్డు. తాడేపల్లిగూడెం తపాలా ముద్రలో సోమవారం తేదీమీద, సరిగ్గా తేదీమీదే, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. పక్కనున్న ఖాళీలో, లావుపాటి అక్షరాలతో: "ఉత్తరానికి మంగళ, బుధ శూల. సోమవారమే బయల్దేరు. వంకాయలు కొని ఉంచుతాను."

చంద్రకళ చదివి, "మీ అత్తగారు ఎందాకా చదివారే?" అంది.

"పెద్ద బాలశిక్ష," అన్నాను.

"మనం బి.ఏ. దాకా ఎందుకు చదివినట్టు?"

మాణిక్యం జంతిక నములుతూ, సోమవారం వెళ్ళకపోతే ఏమవుతుందని అడిగింది. నాకేమీ కాదు. ఆవిడ మాట మీరానంటే మాత్రం, ఇంకోసారి గుమ్మం దాటడం కల్ల. ఆవిడ నాకు శూలలు నమ్మినందుకు శిక్ష వేయడం లేదు, నమ్మనందుకు వేస్తున్నారు. శని, ఆదివారాలు నడుస్తూ నేను ఆలోచించింది అదే. సముద్రం ఎడమచేతి వైపే ఉంది.

సోమవారం పొద్దున, చేపలు పట్టుకునే వాళ్ళ పల్లెలో, మరిడమ్మ అనే ఆవిడ గుడిసె ముందు ఆగాను. మా ఇంటికి ప్రయాణమని, ఉత్తర దిక్కు కనక సంచులు ఇవాళే బయలుదేరినట్టు ఇక్కడ ఉంచాలని చెప్పాను. మూడూ ఆవిడ అరుగుమీద వరసగా పెట్టి, కార్డును నా సంచి పైన ఉంచాను. అత్తగారు చెప్పినట్టే సోమవారం బయలుదేరాను. తరవాత ముగ్గురం ఖాళీ వీపులతో మళ్ళీ ఇసుకలోకి నడిచాం. ఏడేళ్ళ కిందట అనుకున్నప్పుడు సంచుల సంగతి అసలు అనుకోనేలేదు.

మరిడమ్మ వెనకనుంచి పిలిచింది.

"సంచులు బయల్దేరిపోయాయంటన్నారు. మరి తవరెప్పుడండీ?"

"బుధవారం," అన్నాను.