తాళం ఉంది, చెవే లేదు

సంధ్యకు రెండు కొలువులు. పగలు నారాయణగూడలోని ఒక పౌరహక్కుల సంస్థ తరఫున వినతిపత్రాలు పట్టుకుని నాయకుల గుమ్మాలు ఎక్కి దిగడం. సాయంత్రాలు అనసూయమ్మ బుర్రకథ దళంలో డక్కి వాయిస్తూ జనాన్ని నవ్వించడం. పగలు ఎంత మొత్తుకున్నా ఎవరూ వినరు. సాయంత్రం తుమ్మినా చప్పట్లు కొడతారు.

సంస్థ పెద్ద రాజశేఖర్‌కు ఈ సాయంత్రం కొలువు సుతరామూ నచ్చదు.

"పొద్దున వినతిపత్రం ఇచ్చిన పిల్లే మాపటికి గజ్జెలు కట్టి ఎగిరితే మన మాటకు ఏం వజన్ ఉంటదమ్మా? అందుల నువ్వు చేసేది వంత పాడుడాయె!"

వంత పాడటమంటే పెద్దల మాటకు తలూపడమని ఆయన లెక్క. బుర్రకథలో వంత అంటే ఊ కొడుతూనే అడ్డు ప్రశ్నలు వేసే మనిషని ఎన్నిసార్లు చెప్పినా ఆయన తలకెక్కలేదు.

ప్రస్తుతం సంధ్య నెత్తిన ఉన్న పని అశోక్‌నగర్‌లో ఒక గల్లీలోని మరుగుదొడ్డి. ఆ గల్లీ నిండా రీడింగ్ హాళ్లే. ఉద్యోగ పరీక్షలకు చదివే హాస్టల్ ఆడపిల్లలు పొద్దంతా అక్కడే కూర్చుంటారు. వాళ్ల కోసమని గల్లీ మొగదల గులాబి రంగు వేసి మరుగుదొడ్డి కట్టారు, రిబ్బన్ కోశారు, ఫొటో దిగారు, తాళం వేశారు. అంతే సంగతులు. తాళంచెవి ఎక్కడయ్యా అంటే కట్టిన శాఖ నడిపే శాఖను చూపిస్తుంది, నడిపే శాఖ కట్టిన శాఖను చూపిస్తుంది.

అందుకని ఆ పిల్లలు నీళ్లు తాగడమే మానేశారు. సంధ్య పాత రూమ్మేట్ శ్రీదివ్య మొన్న ఎండకు చదువుతున్న చోటే కళ్లు తిరిగి పడిపోయింది. నీళ్లెందుకు తాగవని డాక్టరు కేకలేశాడు.

"తాగుడు అల్కటి పనే సార్, తాగినంక కత ఏంది?" అంది శ్రీదివ్య.

ఆ మాట సంధ్యను నిద్రపోనివ్వలేదు. కార్పొరేటర్ ఇంద్రసేన దగ్గరికి తిరిగి తిరిగి ఆమె చెప్పులరిగాయి. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరేం అడిగినా రెండు చేతులూ జోడించి, తల ఓ పక్కకు వాల్చి, "చేద్దాం తల్లీ" అంటాడు. అంత మర్యాద చూశాక మళ్లీ అడగడానికి మనకే మొహమాటమేస్తుంది. చివరికెలాగో రెండు శాఖల వాళ్లనూ పిలిపించి సోమవారం కూర్చుందామన్నాడు.

"అప్పటిదాంక ఆయన మనసు నొప్పియ్యకు. ఈ మీటింగ్ పోయిందంటే మళ్ల దొరకడు" అని రాజశేఖర్ మరీ మరీ చెప్పాడు.

శనివారం సాయంత్రం చిక్కడపల్లి హాల్లో రుద్రమదేవి కథ. సంధ్య తెర సందులోంచి తొంగి చూసింది. ముందు వరసలో, పూలదండతో, ముఖ్య అతిథి ఇంద్రసేన!

బుర్రకథలో నడుమ కథ చెప్పే మనిషి, ఒక పక్క హాస్యం చెప్పే వంత, ఇంకో పక్క రాజకీయం చెప్పే వంత. హాస్యం సంధ్యది, రాజకీయం వెంకటేశ్‌ది. అనసూయమ్మ దళంలో ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు. అయితే వెంకటేశ్ కూడా సర్కారు కొలువుకు పరీక్షలు రాస్తున్నవాడే. నోటిఫికేషన్ పడ్డప్పటి నుంచి అతని రాజకీయం చిక్కిపోయి, తెల్లదొరలను తప్ప ఎవరినీ తిట్టడం లేదు. ఇవాళ ముందు వరస చూశాక తెల్లదొరలు కూడా బతికిపోయారు.

కథ మంచి పట్టు మీదుంది. కోట చుట్టూ శత్రువులు. అనసూయమ్మ తంబుర ఆపి వెంకటేశ్ వైపు తిరిగింది.

"తమ్ముడా, లోకం తీరు ఎట్లున్నదిరా?"

"మంచిగనే ఉన్నదక్కా."

"ఏం కష్టాలు లేవా?"

"ఏం లేవక్కా."

హాలు చల్లబడింది. ముందు వరస వైపే చూస్తూ వెంకటేశ్ డక్కి దెబ్బ తప్పాడు.

"తాళం తప్పిందిరా" అని అనసూయమ్మ పళ్ల బిగువున అంది.

తాళం! ఆ మాట సంధ్య చెవిన పడింది. అదే సమయానికి మూడో వరసలో హాస్టల్ పిల్లల నడుమ ఎండిన పెదాలతో శ్రీదివ్య కనపడింది. నోరు విప్పితే సోమవారం మీటింగ్ గోవిందా అని సంధ్యకు తెలుసు. తెలిసీ నోరు ఆగలేదు.

"తాళం తప్పలేదక్కా. తాళం ఉన్నది, చెవే లేదు!"

అనసూయమ్మకు సంగతేమిటో అంతుపట్టలేదు. కానీ ముదురు కళాకారిణి, మాట అందుకుంది. "ఏ తాళమే పిల్లా?"

"కోటల ఆడ సిపాయిలు పొద్దటి సంది ఎండల కావలి కాస్తున్నరు. గుక్కెడు నీళ్లు తాగుతలేరు."

"ఎందుకే, బావి ఎండిందా?"

"బావి నిండుగనే ఉన్నది. తాగితే ఏడికి పోవాలె? గులాబి రంగేసి గది కట్టిండ్రు, తాళమేసిండ్రు. చెవి అడిగితే తూర్పు దర్వాజ దొర పడమటి దర్వాజకు పొమ్మంటడు, ఆయన మళ్ల తూర్పుకే పొమ్మంటడు."

"పెద్దమనిషికి చెప్పకపోయినవా?"

"చెప్పిన." సంధ్య రెండు చేతులూ జోడించి, తల ఓ పక్కకు వాల్చింది. "'చేద్దాం తల్లీ' అన్నడు."

హాస్టల్ పిల్లలు గొల్లుమన్నారు. "తందాన తాన!" అని హాలంతా వంత పాడింది. అందరికంటే గట్టిగా నవ్విందెవరంటే ఇంద్రసేనే. నవ్వుతూ నవ్వుతూ అది తన మాటేనని తెలిసి సగంలో ఆగిపోయాడు. ఆయన ఆగేసరికి హాలూ ఆగింది. ఆ నిశ్శబ్దంలో సంధ్య ఒకడుగు వెనక్కి వేస్తే గజ్జెలు ఘల్లుమన్నాయి.

ఇంద్రసేన లేచి వేదికెక్కాడు. కళాకారులకని తెచ్చిన శాలువా కప్పబోతూ ఆమె ముఖంలోకి పరికించి చూశాడు.

"నువ్వు కాయితాలు పట్టుకొని వస్తవు గదా బిడ్డా? గప్పుడు గిట్ల సమజయ్యేటట్టు చెప్పలే!"

"గప్పుడు రాజకీయం మాట్లాడిన సార్. ఇప్పుడు హాస్యం."

హాలు మళ్లీ విరగబడి నవ్వింది. ఆయన తన చెవి తానే పట్టుకుని మైకులో అన్నాడు: "చెవి లేదంటివి. ఇగో, ఉన్నది. సోమవారం దాంక ఎందుకు? రేపు పొద్దుగాల్నే నడువు."

ఆదివారం పొద్దున అశోక్‌నగర్ గల్లీలో ఇంద్రసేన ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. రెండు శాఖల వాళ్లూ వచ్చి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తాళంచెవి అసలు ఎవరి దగ్గరా లేదు! సంధ్య వెంట వచ్చిన వెంకటేశ్ రోడ్డు పక్క రాయందుకున్నాడు. రాత్రి మింగేసిన రాజకీయమంతా చూపించి మూడు దెబ్బల్లో తాళం పగలగొట్టాడు. లోపల కొళాయి కాసేపు దగ్గి, ఎర్ర నీళ్లు కక్కి, తర్వాత తేటగా పారింది.

రాజశేఖర్ కూడా వచ్చాడు. "సంప్రదింపుల ద్వారా సాధించినమని రిపోర్ట్ రాయమ్మా" అన్నాడు గంభీరంగా. ఆ వెంటనే సంధ్యను పక్కకు పిలిచాడు. "విద్యానగర్ల బస్టాప్ పని గూడ మస్తు దినాల సంది పెండింగ్ ఉన్నది. జర దానికేమన్న కథ దొరుకుతదా?"

శ్రీదివ్య మాత్రం సంచీలోంచి నీళ్ల సీసా తీసి, గల్లీ నడుమనే నిలబడి, తల ఎత్తి గటగటా తాగింది. సీసా ఖాళీ అయ్యేదాకా దించలేదు. తర్వాత మూతి తుడుచుకుని, "ఇంకో సీసా ఉన్నదానే?" అని అడిగింది.

నిన్న హాలంతటినీ నవ్వించిన సంధ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తన సీసా తీసి ఇచ్చింది.