తేదీ వేసిన ఫిల్టరు

ఆ కార్ల రిపేరు షాపులో అందరికంటే ఎక్కువ సంపాదించి పెట్టింది మనిషి కాదు, ఒక పాత ఎయిర్ ఫిల్టరు. ఇంజను గాలి పీల్చుకునే దారిలో దుమ్మును ఆపే అట్టలాంటి వస్తువు అది. పదకొండేళ్ళ కిందట ఏ కారులోంచి ఊడదీశారో ఎవరికీ గుర్తులేదు. మట్టీ మసీ పట్టి, మడతల్లో రెండు ఎండుటాకులు ఇరుక్కుని, చూస్తేనే దగ్గొచ్చేలా ఉండేది. ఒక్కో కారుకు ఒక్కో కొలత ఫిల్టరు ఉంటుందని వచ్చినవాళ్ళలో సగం మందికి తెలియదు కాబట్టి ఆ ఒక్కటే అన్ని కార్లకీ సరిపోయేది. పనివాళ్ళు దానికి మామయ్య అని పేరు పెట్టుకున్నారు. అవసరానికి ఆదుకుంటాడని.

మామయ్యను కౌంటరు కింది అరలోంచి తీసి, "చూడండి, మీ ఫిల్టరు ఎలా ఉందో" అని నొచ్చుకుంటూ చూపించే పని కౌంటరాయనది. అతన్ని షాపులో అందరూ అలాగే పిలుస్తారు. బిల్లు రాయడం, బండి వివరాలు రాసుకోవడం, వచ్చినవాళ్ళతో మాట్లాడటం అన్నీ అతనే. మెత్తటి మనిషి, ఇస్త్రీ చొక్కా, నుదుటి మీద నిజాయితీ రాసిపెట్టినట్టుండే ముఖం. ఆ ముఖం చూసే యజమాని అతన్ని కౌంటర్లో కూర్చోబెట్టాడు. అతను పచ్చి మోసగాడైతే ఈ కథ చెప్పడం నాకు తేలికయ్యేది. కానీ అతను ఎవరి కొంపా ముంచాలని ఎప్పుడూ అనుకోలేదు. ఫిల్టరుదేముంది, కొత్తది వేస్తే కారుకు మంచిదే కదా అని తనకు తాను సర్దిచెప్పుకునేవాడు.

అక్కడ పనికో పద్ధతి ఉండేది. కారులో నిజంగా పెద్ద లోపం కనిపించినా సరే, ముందు దాని మాట ఎత్తకూడదు. ముందు మామయ్యను చూపించాలి. చిన్న ఖర్చుకు ఒకసారి తల ఊపిన మనిషి తర్వాత పెద్ద ఖర్చుకూ ఊపుతాడని యజమాని లెక్క. ఆ లెక్క పదకొండేళ్ళలో తప్పిన రోజు లేదు.

మంగళవారం మధ్యాహ్నం ఒక చిన్న పాత కారు వచ్చింది. అందులోంచి దిగినావిడకు ముప్పై అయిదేళ్ళుంటాయి. భుజాన పెద్ద సంచి, కాళ్ళకు మడమ ఎత్తులేని బూట్లు. ఆయిలు మార్చాలి, అంతే, ఇంకేమీ వద్దు అని ముక్కుసూటిగా చెప్పింది. ఈ పనికి మూడు షాపుల్లో అడిగితే మూడు రేట్లు చెప్పారట. అరగంట పనికి ఇంతెందుకని అడిగితే ఒక్కరూ సూటిగా బదులివ్వలేదట. ఎవరిది న్యాయమో తేల్చడానికి నాకేం తెలుసండీ అని నవ్వి, బల్ల మీద కూర్చుంది. కౌంటరాయన కూడా నవ్వి, మాది న్యాయమైన రేటేనని చెప్పాడు. ఆయిలు వరకూ అది నిజమే.

కారు లిఫ్టు మీదికి ఎక్కింది. కాసేపటికి మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ వచ్చి చెవిలో చెప్పాడు. ముందు చక్రం దగ్గర బ్రేకు పైపు, ఆ రబ్బరుది, బీటలిచ్చింది. బ్రేకు తొక్కి చూస్తే ఉబ్బుతోంది. మామూలుగా తొక్కితే ఇవాళా రేపూ ఆగుతుంది. గట్టిగా తొక్కిన రోజున పగులుతుంది. కారును ఇలా పంపకూడదన్నా, అన్నాడు. ఈ మెకానిక్కు ఉత్తినే భయపెట్టే రకం కాదు. కౌంటరాయన వెంటనే లోపలికి వెళ్ళి చూశాడు. మాట నిజమే.

అప్పుడు ఆమె దగ్గరికి వెళ్ళి ఆ ఒక్క మాటా చెప్పి ఉంటే సరిపోయేది. కానీ పదకొండేళ్ళ అలవాటు. అతని చెయ్యి దానంతటదే కౌంటరు కిందికి వెళ్ళి మామయ్యను పట్టుకుంది.

"చూడండి మేడమ్, మీ ఫిల్టరు. ఇలా ఉంటే ఇంజను ఎలా ఊపిరి పీలుస్తుంది చెప్పండి" అన్నాడు.

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. తిప్పి వెనకవైపు చూసింది. మళ్ళీ ముందుకు తిప్పింది. కోపం తెచ్చుకోలేదు, ముఖంలో ఏదో అలసట మాత్రం వచ్చింది.

"ఇది నాది కాదండీ. నా ఫిల్టరు పోయిన నెలలో నేనే మార్చుకున్నాను. అయిదు నిమిషాల పనే కదా అది. తెల్ల టేపు మీద తేదీ రాసి దానికి అంటించాను. నేను నర్సుని. ఏది మార్చినా తేదీ వెయ్యడం అలవాటైపోయింది."

కౌంటరాయన ఫిల్టరు వెనక్కి తీసుకోబోయి ఆగాడు. దొరికిపోయినందుకు కాదు. ఇలా దొరికిపోవడం ఏడాదికి ఒకటి రెండుసార్లు ఉండేదే. పొరపాటున వేరే కారుది తెచ్చానని నాలుక కరుచుకుంటే సరిపోయేది. అతన్ని తాకింది ఆ తేదీ మాట. ఇంట్లో అతని తల్లికి కాలి మీద ఎంతకీ మానని పుండు ఒకటుంది. మంగళ, గురు, శనివారాల్లో పొద్దున పదింటికి ఒక నర్సు వచ్చి కట్టు మార్చిపోతుంది. ఆ వేళకు అతను షాపులో ఉంటాడు కాబట్టి నాలుగు నెలలుగా ఆమెను ఒక్కసారీ చూడలేదు. చూసిందల్లా కట్టు చివర అంటించిన తెల్ల టేపూ, దాని మీద నీలం సిరాతో తేదీ, తేదీ కింద రెండు గీతలూ. ఆ గీతలంటే అతనికి ఇష్టం. ఈ నర్సు పనిని పనిలా చేసే మనిషి అని భార్యతో చాలాసార్లు అన్నాడు.

అతను పొరపాటు, వేరే కారుది అని నసిగాడు. ఆమె ఫిల్టరును కౌంటరు మీద పెట్టేసింది. అతను గొంతు సవరించుకుని బ్రేకు పైపు సంగతి చెప్పాడు. ఈసారి గొంతులో ఏ నటనా లేదు. నిజం చెప్పేటప్పుడు గొంతు ఇలా వణుకుతుందని అతనికే కొత్తగా తెలిసింది. ఆమెకు మాత్రం ఆ వణుకు దొంగ దొరికిపోయినప్పటి తడబాటులా వినిపించింది. అందులో ఆమె తప్పేముంది?

బయటివాళ్ళు రాకూడదన్న రూలు పక్కనపెట్టి ఆమెను లిఫ్టు కిందికి తీసుకెళ్ళాడు. లైటు పట్టుకుని చూపించాడు. మెకానిక్కు బ్రేకు తొక్కాడు, పైపు ఉబ్బింది. ఆమె తల పైకెత్తి చూసింది. నల్లటి రబ్బరు పైపు, ఒకచోట లావుగా ఉంది. అది అలాగే ఉండాలేమో నాకేం తెలుసండీ అంది. డబ్బులు అక్కర్లేదు, ఊరికే మార్చి ఇస్తాం అన్నాడతను. దాంతో ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. ఊరికే చేస్తామన్న షాపు తర్వాత ఏం చేస్తుందో ఆమె లోగడ చూసింది.

"బ్రేకు బాగానే పడుతోందండీ, పొద్దున్నుంచీ నడుపుతూనే ఉన్నాను" అంది ఆమె. "నా దగ్గర ఒక పేషెంటు ఉంది, పెద్దావిడ. వాళ్ళబ్బాయి ఏదో కార్ల షాపులోనే చేస్తాడట. ఎవరి దగ్గరా ఒక్క పైసా ఎక్కువ తీసుకోడని ఎప్పుడూ చెబుతుంది పాపం. గురువారం వెళ్ళినప్పుడు ఆవిణ్ణడిగి అతని దగ్గరే చూపించుకుంటాను. మీరేమీ అనుకోకండి."

ఆ అబ్బాయిని నేనేనండీ. అంతే, ఒక్క మాట. అది నాలుక చివరిదాకా వచ్చింది. అది అన్నాడంటే ఆమె గురువారం పొద్దున్న అమ్మ కాలు పట్టుకుని కూర్చుని, అమ్మ మళ్ళీ కొడుకు గొప్పలు చెబుతుంటే, మామయ్యను తలుచుకుంటుంది. నోరు తెరిచి చెప్పకపోవచ్చు. ముఖంలో మాత్రం తెలిసిపోతుంది. అమ్మ కనిపెడుతుంది, భార్య కనిపెడుతుంది. ఇంట్లో అతనికున్న ఆస్తల్లా ఆ పేరొక్కటే. ఆమె అవతల కారు తాళం కోసం చెయ్యి చాపింది.

అతను తాళం ఇవ్వకుండా పట్టుకుని నిలబడ్డాడు. ఇది చూసి అద్దాల గదిలోంచి యజమాని బయటికొచ్చాడు. నమ్మకపోతే మన తప్పా, ఆవిడ కారు ఆవిడిష్టం అన్నాడు. లోపం చెప్పాం, వద్దన్నారు అని రాసి ఉన్న కాగితం మీద ఆమె చేత సంతకం పెట్టించుకోమన్నాడు. ఆమె సంతకం పెట్టింది. పక్కన తేదీ వేసింది, పన్నెండు. కింద రెండు గీతలు గీసింది. కౌంటరాయన ఆ గీతలకేసి చూస్తూ తాళం ఇచ్చేశాడు.

సాయంత్రం కాగితం మీదున్న నంబరుకు ఫోన్ చేశాడు. షాపు నుంచి అనగానే ఆమె, పేషెంటు దగ్గరున్నానండీ, దయచేసి ఇలా చెయ్యకండి అని పెట్టేసింది.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ మంచం మీద కూర్చుని అతని కోసమే చూస్తోంది. నర్సమ్మాయి కారు పాతదైపోయిందట, పొద్దున మాటల్లో చెప్పిందట.

"నీ దగ్గరికి పంపిస్తానన్నానురా. దాని దగ్గర డబ్బులు తీసుకోకు, వింటున్నావా? నా కాలు అది కడుగుతున్నట్టు కన్నకూతురు కూడా కడగదు" అంది.

వింటున్నానన్నాడు. అన్నం సగంలోనే వదిలేసి లేచాడు. చాలాసేపు ఆలోచించి ఒక దారి వెతుక్కున్నాడు. గురువారం సెలవు పెట్టి ఇంట్లోనే ఉంటాడు. ఆమె వచ్చి అతన్ని చూస్తుంది, ఆశ్చర్యపోతుంది. వాకిట్లోనే, అమ్మ వినకుండా, దండం పెట్టి నిజం చెబుతాడు. పైపు తనే తెచ్చి తనే వేస్తాడు. ఒక్కరోజే కదా మధ్యలో ఉంది, మామూలుగా తొక్కితే ఆగుతుందని మెకానిక్కు చెప్పనే చెప్పాడు. ఈ ఆలోచన అతనికి ఎంత నచ్చిందంటే, ఆ రాత్రి నిద్ర కూడా పట్టింది. పిరికితనానికి ఓ మంచి ముహూర్తం దొరికితే మనిషికి నిద్ర బాగానే పడుతుంది.

బుధవారం సొంత డబ్బులతో కొత్త బ్రేకు పైపు కొన్నాడు. యజమాని సణిగినా సెలవు ఇచ్చాడు.

గురువారం తొమ్మిదిన్నరకే స్నానం చేసి, పైపూ పానాలూ గుమ్మం పక్కన పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. ఏం చెప్పాలో మొదటి రెండు ముక్కలూ లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాడు. పదయింది. నాలుగు నెలల్లో ఒక్కరోజూ ఆలస్యం కాలేదే అని భార్య గడియారం చూసింది. పదింబావయింది. పదకొండయింది. ఆమె నంబరు అతని జేబులోనే ఉంది. రెండుసార్లు చేశాడు, మోగి మోగి ఆగిపోయింది.

పదకొండున్నరకు భార్య ఫోన్ మోగింది. నర్సుల్ని పంపే ఆఫీసు నుంచి. ఆమె వింటూ వింటూ గోడకు ఆనుకుంది. ఈ వీధిలోకి దిగే ఏటవాలు రోడ్డు చివర, ఆగి ఉన్న లారీ వెనకభాగానికి నర్సు కారు గుద్దుకుందట. బ్రేకు పడలేదని చూసినవాళ్ళు అన్నారట. ప్రాణం అక్కడే పోయింది. ఇంకో నర్సును సోమవారం దాకా పంపలేమనీ, అంతవరకు కట్టు ఇంట్లోవాళ్ళే మార్చుకోగలరా అనీ ఆఫీసావిడ అడిగింది.

భార్య వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అత్తయ్యకు ఇప్పుడే చెప్పొద్దండీ, తట్టుకోలేదు అంది. అతను ఏడవలేదు. గుమ్మం పక్కనున్న కొత్త పైపును చూస్తూ నిలబడిపోయాడు. ఆమె ఆ రోడ్డు దిగింది తన ఇంటికి రావడానికే. అతని గురించి అడగడానికే.

మధ్యాహ్నం యజమాని ఫోన్ చేశాడు. కారులో మన బిల్లు దొరికిందట, పోలీసులు వచ్చి అడిగి వెళ్ళారట. అతని గొంతులో కంగారేమీ లేదు.

"కాగితం చూపించాను. సంతకం ఉంది, తేదీ కూడా తనే వేసింది. బతికిపోయాం. నువ్వు రేపు మామూలుగా వచ్చెయ్" అన్నాడు.

కట్టు మార్చాల్సిన వేళ ఎప్పుడో దాటిపోయింది. భార్య ఇంకా వంటింట్లోంచి రాలేదు. నేను మారుస్తానని గిన్నెలో గోరువెచ్చని నీళ్ళూ, దూదీ, కొత్త కట్టూ తీసుకుని అమ్మ మంచం దగ్గర కింద కూర్చున్నాడు. కట్టు చివర తెల్ల టేపు మీద పన్నెండో తేదీ ఉంది, కింద రెండు గీతలు. దాన్ని చింపకుండా గోటితో మెల్లగా ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. పుండు అతను అనుకున్నంత ఘోరంగా లేదు. అంచుల్లో కొత్త చర్మం వస్తోంది. ఆమె దాన్ని దాదాపు మాన్పేసింది.

"ఆ అమ్మాయేదిరా?" అంది అమ్మ.

"కారు బాలేదటమ్మా. ఇవాళ రాలేనని ఫోన్ చేసింది."

అమ్మ వెంటనే నమ్మేసింది. అతను ఏం చెప్పినా ఆమె ఎప్పుడూ అలాగే నమ్ముతుంది.

"మరి నువ్వు వెళ్ళి చూడకూడదూ? ఎవడో ఒకడు దాన్ని నిలువునా దోచేస్తాడు. మా వాడి చేతిలో పెట్టు, నీకే భయమూ ఉండదని చెప్పాను దానికి" అంది.

"చూస్తానమ్మా" అన్నాడు.

కట్టు బిగించి, టేపు కత్తిరించి అంటించాడు. పెన్ను తీసుకుని పద్నాలుగు అని రాశాడు. కింద గీతలు గీయడానికి చెయ్యి రాలేదు.