ఎదురింటి సముద్రం

దుప్పటి నడిమి అంచును గడ్డం కింద అదిమిపట్టి, రెండు కొసలనూ చేతులతో దగ్గరికి లాగి మడత వేసింది మేవిస్ ప్లాస్కెట్. ఒక్క మనిషి పెద్ద దుప్పటి మడవాలంటే అదొక్కటే దారి. ఎన్నో ఏళ్ళుగా అలా మడిచీ మడిచీ ఆమె గడ్డం కింద చర్మం గరుకెక్కిపోయింది.

ఇంగ్లండులో రామ్స్‌గేట్ రేవుకి వెళ్ళే ఏటవాలు వీధిలో ఉంది ఆమె నడిపే లాండ్రీ. జనం సంచుల్లో మాసిన బట్టలు పడేసి పోతారు, సాయంత్రం మడతలు పట్టుకుపోతారు. మెషీన్లో వేసేముందు మేవిస్ జేబులన్నీ తడుముతుంది. పళ్ళసెట్లు, పెళ్ళి ఉంగరాలు, పందెం చీటీలు దొరుకుతుంటాయి. ఏది దొరికినా కవర్లో పెట్టి బట్టల మీద ఉంచుతుంది. ఒకసారి ఓ పెద్దమనిషి కోటులో, ఆయన భార్య చూడకూడని ఫోటో ఒకటి దొరికింది. దాన్ని ఆయన చేతికే ఇచ్చింది, మొహం మాత్రం చూడలేదు. తనది కానిది తన దగ్గర ఉంచుకోవడం ఆమెకు అలవాటు లేదు. అదేదో గొప్ప గుణమని ఆమె అనుకోలేదు, ఊళ్ళో ఎవరూ అనలేదు కూడా.

పొట్టి మనిషి. ఎర్రగా ఉబ్బిన చేతులు, మోకాళ్ళ దాకా సాగే మేజోళ్ళు. ఎడమ తుంటికి ఆపరేషనైంది గానీ నయం కాలేదు. నడుస్తుంటే ఒళ్ళంతా ఓ పక్కకి ఒరిగి, మళ్ళీ ఎలాగో నిలబడుతుంది. ఆమె ఫ్లాట్ మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. మెట్లెక్కడం మానకపోతే చక్రాల కుర్చీయే గతి అని డాక్టరు తేల్చి చెప్పాడు.

అదృష్టం కొద్దీ రెండు వీధుల అవతల కింది అంతస్తులో ఓ చిన్న ఫ్లాట్ అమ్మకానికొచ్చింది. తన ఫ్లాట్ కొనడానికి ఓ జంట దొరికింది. అంతా కుదిరిందనుకున్న రోజున కొనేవాళ్ళ లాయరు పాత లీజు దస్తావేజు తీసి చూశాడు.

ఆ కట్టడంలో ఫ్లాట్లన్నీ తొంభై తొమ్మిదేళ్ళ లీజువి. స్థలం ఎవరో కంపెనీది. మనుషులు కొనుక్కునేది గోడల మధ్య ఉండే హక్కు మాత్రమే. ఏ గోడల మధ్యో లీజుకి కుట్టిన ప్లాను మీద ఎర్రరంగు వేసి చూపిస్తారు. మొదట్లో రంగు వేసిన గుమాస్తా ఎవడోగానీ, మూడో అంతస్తుకొచ్చేసరికి కునికినట్టున్నాడు, రెండు ఫ్లాట్లూ తారుమారు చేశాడు. కాగితం ప్రకారం మేవిస్ ఉంటున్న వెనక ఫ్లాట్, చెత్తడబ్బాలు తప్ప ఇంకేమీ కనబడనిది, అదే అంతస్తులో ఎదురింటి హాబ్డేది. హాబ్డే ఉంటున్న ఫ్లాట్, కిటికీ నిండా సముద్రం ఉన్నది, మేవిస్‌ది. తనది కానిదాన్ని అమ్మడం కుదరదు. ఇద్దరూ కలిసి సవరణ దస్తావేజు మీద సంతకం చేస్తే ఎవరిది వాళ్ళకొస్తుంది.

ఇంతోటి దానికి హాబ్డే ససేమిరా అన్నాడు. పడవల మీద టికెట్లు చింపి రిటైరైన ముసలాయన. భార్య పోయాక ఆ కిటికీయే ఆయన లోకం. పబ్బులో ఎవడో చెవిలో ఊదాడు, "సంతకం పెట్టావో, వీధిన పడ్డట్టే" అని. అప్పట్నుంచి మేవిస్‌కి ఉతకడానికి దుప్పట్లివ్వడం మానేశాడు. స్నానం తొట్టిలో తనే ఉతుక్కుంటున్నాడు, నీళ్ళోడే చొక్కాలు కిటికీకి వేలాడేస్తున్నాడు.

మధ్యాహ్నం లాండ్రీలో ఫోను మోగింది. ఆమె లాయరమ్మ, మిస్ ఫెర్న్‌లీ.

"ఆ ఫ్లాట్ అమ్మేవాళ్ళిక ఆగరటండీ. ఈ సాయంత్రం ఆఫీసు మూసేలోపు సంతకాలు రాకపోతే కింది ఫ్లాట్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. ఆయన్ని ఒప్పించగలరా?"

"నే మాట్లాడతాలెమ్మా."

"ఒక్కటి మర్చిపోకండి. బయటి మనిషి ఎవరైనా చూస్తుండగానే ఆయన సంతకం పెట్టాలి. ఆ చూసినవాళ్ళు కింద సాక్షిగా పెట్టాలి. మీరు పనికిరారు, మీ పేరు అందులోనే ఉంది."

మేవిస్ మెషీన్లు ఆపి, దుకాణం ముందుగానే మూసి, దస్తావేజు సంచిలో పెట్టుకుని బయల్దేరింది. మెట్లు పక్కవాటుగా ఎక్కుతుంది, చువ్వని రెండు చేతులా పట్టుకుని. మూడో అంతస్తు చేరేసరికి నోరు ఎండిపోయింది. తలుపు కొట్టింది.

"ఎవరది?"

"నేనే, హాబ్డే గారూ."

"వచ్చావా! నా కిటికీ కొలుచుకుపోదామనా? పరదాలు ఏ రంగువి వేద్దామనుకుంటున్నావేం?"

"మీ కిటికీ నాకెందుకండీ!" అంది. దాంతో ఇన్నాళ్ళూ మింగిందంతా పైకొచ్చేసింది. "పొద్దస్తమానం నీళ్ళ సొదే వింటూ బతికినదాన్ని. మీ సముద్రం మీరే ఉంచుకోండి, నాకు నేల కావాలి. తలుపు తీస్తే కాలు కింద పెట్టేలా ఇంత నేల, అంతే!"

అనేసి, తిరగబోయింది, తుంటి మెలిపడింది. గోడ పట్టుకుని జారి, మెట్టు మీద కూలబడింది. లేవబోతే కాలు మాట వినలేదు. ఏడవకూడదనుకుంది గానీ ఏడుపొచ్చేసింది.

గడియ తీసిన చప్పుడైంది. హాబ్డే స్వెట్టరు తిరగేసి తొడుక్కుని ఉన్నాడు. ఆమెనీ, ఆమె కాలునీ చూశాడు. ఆయనకూ ఆయాసమే, అయినా చంకల్లో చేతులేసి లేపాడు.

"ఇంతలా ఉందా? ఎప్పుడూ చెప్పలేదేం?"

"తలుపు తీస్తేగా చెప్పడానికి."

ముసలాయన మొహం చిన్నబోయింది. "ముసలి వెధవని, మేవిస్. ఎవడి మాటో విని… ఏదీ, ఇలా తే. ఎక్కడ గీకాలి?"

కిటికీ పక్క బల్ల మీద దస్తావేజు పెట్టింది. ఆయన కలం అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఇప్పుడు కాదండీ. సాక్షి ఉండాలట, నేను పనికిరానట."

"పెళ్ళికైతే సాక్షులన్నారు, ఒప్పుకున్నాం. దీనిక్కూడానా?" అని నవ్వాడు హాబ్డే. "కింద ఆ బస్సు డ్రైవరున్నాడుగా, పిలుచుకురా. నేను దిగానంటే మళ్ళీ ఎక్కలేను."

మేవిస్ దిగింది. నొప్పి నొప్పిగానే ఉంది, మనసు మాత్రం తేలికైంది. ఈ కట్టడంలోనే కింద ఉండే ఆ బస్సు డ్రైవరు లాయిడ్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి అన్నం, చిక్కుళ్ళు తింటున్నాడు. సంగతి వినగానే కంచం పక్కన పెట్టి చెయ్యి కడుక్కున్నాడు.

"నువ్వు ముందెళ్ళు బాబూ, నాకు ఆలస్యమవుతుంది."

"మిమ్మల్నిలా వదిలేసి ఎలా వెళ్తానండీ, మిస్ మేవిస్? ముసలాయనెక్కడికి పోతాడు! చెయ్యి నా మీద వెయ్యండి."

మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కారు. మధ్యలో ఆమెకి ఊపిరాడకపోతే, లాయిడ్ తన బస్సులో టికెట్ కొనకుండా రోజూ ఎక్కే కుక్క కథ చెప్పాడు. మేవిస్ నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వడం అదే మొదలు.

తలుపు తీసే ఉంది. హాబ్డే కుర్చీలో సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు, తల కొంచెం ఒరిగింది. లాయిడ్ పిలిచాడు, భుజం తట్టాడు, మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"పోయాడు," అన్నాడు మెల్లగా.

మేవిస్ ఆయన స్వెట్టరు సర్దింది. తిరగేసి తొడుక్కున్నదాన్ని ఇప్పుడేం చెయ్యాలో తెలియలేదు.

అప్పుడు లాయిడ్ బల్ల మీదకి చూశాడు. దస్తావేజు మీద సంతకం ఉంది. వణుకు లేకుండా, పేరంతా ముచ్చటగా, సెడ్రిక్ హాబ్డే అని. చేసిన తప్పు సరిదిద్దుకోవాలన్న తొందరలో ఆగలేకపోయాడు పాపం. ఎవరూ చూడకుండా పెట్టిన సంతకం చెల్లదు. ఇక ఆయన ఆస్తికి వారసుడు తేలేదాకా ఏ కాగితమూ కదలదు, ఈలోపు మేవిస్ కొనాలనుకున్న ఫ్లాట్ ఆగదు.

"సంతకం పెట్టేశాడు, మిస్ మేవిస్," అన్నాడు లాయిడ్. "చూశానని నేను పెట్టేస్తా. ఆయన ఇష్టపడి పెట్టిందేగా. మనిద్దరం చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

కలం విప్పాడు. ఆమె వద్దనలేదు. ఆ నేల ఆమెకి కావాలి, ఇంతవరకూ ఏదీ అంతలా కోరుకోలేదు. పైగా అందులో అబద్ధమేముంది? ముసలాయన మనసులో ఉన్నదే కాగితం మీదుంది. లాయిడ్ కలం కాగితాన్ని తాకబోతుంటే ఆమె కళ్ళు కుర్చీ మీద పడ్డాయి.

"వద్దు బాబూ," అంది.

"మిస్ మేవిస్…"

"ఒంటరిగా పోయాడయ్యా. పక్కన ఎవరో ఉన్నారని రాయకు."

లాయిడ్ కలం మూసి, అంబులెన్స్‌కి ఫోను చెయ్యడానికి మెట్ల దగ్గరికి వెళ్ళాడు. మేవిస్ కూర్చోడానికి ఏదైనా దొరుకుతుందేమోనని గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచింది. కెటిల్ అప్పుడే మరిగి ఆగినట్టుంది, ఆవిరి ఇంకా గోడకి తగులుతోంది. పక్కన పళ్ళెంలో మూడు కప్పులు, మూడింట్లోనూ టీ కోసం ముందుగానే పోసి ఉంచిన పాలు.