చెరసాల పద్యం

ఉమాపతి మొదటిసారి శాలిబండలోని రమాబాయి ఇంటికి వచ్చినప్పుడు ఆమె చాయ్‌తో పాటు ఉస్మానియా బిస్కెట్లు పెట్టింది. రెండోసారి ఒట్టి చాయ్ ఇచ్చింది. మూడోసారి కుర్చీ మాత్రం చూపించింది.

అతను టీవీ కేంద్రంలో ప్రొడ్యూసరు, గుంటూరు మనిషి. చిన్నప్పుడు తండ్రి భుజాల మీద కూర్చుని చూసిన ‘కనకలేఖ’ నాటకాన్ని టీవీకెక్కించాలని పట్టుబట్టాడు. తెల్లవార్లూ ఆడే నాటకాన్ని నలభై అయిదు నిమిషాలకు కుదిస్తానంటే రమాబాయి ఒప్పుకుంది. రాక్షసుల యుద్ధం తీసేస్తానంటే పీడా పోయిందంది. ముప్ఫయ్యేళ్లు ఆమె వేసిన రాణి కనకలేఖ వేషం ఆమెకే ఇస్తానన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. పేచీ అంతా గొంతు దగ్గర వచ్చింది.

“పద్యాలు రేడియోలో పాడే సులోచన గారి చేత ముందే పాడించి రికార్డు చేసుకుందామండీ. మీరు పెదాలు కలిపితే చాలు” అన్నాడు.

“నా మొకానికి ఇంకొకరి గొంతు అతికిస్తవా సారూ?”

“అలా కాదండీ. నాటకాల డేరా చివర నేల టిక్కెట్టు వాడికి వినపడాలని తయారైన గొంతు మీది. ఇక్కడ మైకు మీ నెత్తి మీదే వేలాడుతూ ఉంటుంది. మీటరులో సూది ఎర్రగీత దాటిందంటే పద్యం వినపడదు, బరబరా చప్పుడు వినపడుతుంది.”

“సూది దాటకుంట పాడితే?”

“ముప్ఫయ్యేళ్ల అలవాటు షూటింగుకి మిగిలిన పదిహేను రోజుల్లో మారుతుందా అండీ?”

“అది నా ఫికర్. మొదటి దినం చెరసాల సీను ఒక్కటే తియ్యుండ్రి. పద్యం నేనే పాడత. సూది గీత దాటితే ఆమెతోనే అన్నీ పాడించుండ్రి, నేను నోరు మూసుకొని పెదాలాడిస్త. దాటకపోతే పద్యాలన్నీ నాయే.”

ఉమాపతికి ఒప్పుకోక తప్పలేదు. ఆమెది పొగరు అనుకుంటే అనుకోవచ్చు. కొంత పొగరే. కానీ డేరా ఎత్తేసి ఆరేళ్లయింది. ఆమె గొంతు ఒక్క గ్రామఫోను రికార్డులో లేదు, ఒక్క టేపులో లేదు. ఊరూరా పాడిందంతా పాడిన చోటే గాలిలో కలిసిపోయింది. ఇప్పుడు కూడా జారవిడుచుకుంటే రమాబాయి అనే మనిషి పాడిందనడానికి ఆనవాలే ఉండదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, అందుకే అంత మొండికెత్తింది.

మర్నాడు పొద్దున్నే హార్మోనియం రామానుజం సైదాబాదు నుంచి రిక్షాలో పెట్టె పెట్టుకుని వచ్చాడు. ఆమె వేదిక ఎక్కిన నాటి నుంచీ ఆమెకు వాయించిన మనిషి. శృతి కొంచెం దించుదామని రమాబాయి అనగానే అతని మొహం మాడిపోయింది.

“మా గురువు ఇచ్చిన శృతి ఇది. దించుమంటే నా పెట్టె మూసుకొని పోత” అన్నాడు.

“సరే మాస్టరూ, దించకు. గంత ఎత్తులనే మెల్లగ పాడత.”

అనడం తేలికే. తారస్థాయిలో గట్టిగా పాడటానికి రొమ్ములో బలం ఉంటే చాలు. అదే స్వరాన్ని మెల్లగా నిలబెట్టాలంటే ఊపిరిని చెంచాతో పంచినట్టు పంచాలి. పైగా మెల్లగా ఉందో లేదో చెప్పడానికి ఇంట్లో సూది లేదు. రమాబాయి పక్కింటి నాగమణమ్మను పిలిచి సూదిగా కుదుర్చుకుంది. రెండిళ్లకూ మధ్య గోడ ఒక్కటే.

“నా పాట నీకు వినపడితే గోడ కొట్టు నాగమణీ. మొహమాటపడకు.”

నాగమణమ్మ అసలు మొహమాటపడలేదు. మొదటి రోజు రోకలి పుచ్చుకుని కొడితే గోడసున్నం రాలి హార్మోనియం మీద పడింది. రామానుజం దులుపుకుంటూ నిజాం కాలం నుంచీ ఇలాంటి లొల్లి ఎరగనన్నాడు. నాలుగో రోజు వరకూ గోడ మోగుతూనే ఉంది. అయిదో రోజు రమాబాయి భయపడి గొంతు బిగబట్టింది. గోడ మోగలేదు గానీ స్వరం మధ్యలో పుటుక్కున తెగిపోయింది.

“రాజు చావబోతుంటే రాణి గుసగుసలాడతదా బాయీ? ఎందుకీ తిప్పలు? ఆ రేడియో పిల్లనే పాడనియ్యి” అన్నాడు రామానుజం.

ఆ రాత్రి రమాబాయికి అన్నం సయించలేదు. రాణి ఎవరికి పాడుతోంది? ఊచల అవతల జానెడు దూరంలో నిలబడ్డ మొగుడికి. మరి తను ఇన్నేళ్లూ ఎవరికి పాడింది? మొగుడికి వీపు పెట్టి, డేరాకి. రాజు వేషం వేసిన వాడి ముఖం ఆ పద్యంలో ఒక్కసారైనా సరిగ్గా చూసినట్టు గుర్తు రాలేదు. అందుకు తన మీద తనకే సిగ్గేసింది.

పొద్దున్నే రామానుజాన్ని ఎదురుగా కూర్చోబెట్టి, అతని కళ్లలోకి చూస్తూ మొదలుపెట్టింది. అదే శృతి, అదే రాగం. ఆ రోజు గోడ రెండుసార్లే మోగింది. అట్లా సాధన చేయగా చేయగా పదమూడో రోజుకి ఒక్కసారి కూడా మోగలేదు. నమ్మకం చాలక పక్కింటికి వెళ్లి చూసింది. నాగమణమ్మ రోకలి ఒళ్లో పెట్టుకుని గోడ పక్కనే కూర్చుని ఉంది.

“ఇయ్యాల పాడలేదా అక్కా?” అంది.

స్టూడియో రోజు రానే వచ్చింది. అట్టతో చేసిన ఊచల వెనుక రాజుగా వామన్‌రావు నిలబడ్డాడు. వాళ్ల డేరాలో ఆమె పక్కన రాజు వేషం వేసినవాడే, ఇప్పుడు బహదూర్‌పురాలో గుమాస్తా, సెలవు పెట్టుకుని వచ్చాడు. రికార్డింగు మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది. రమాబాయి పాడింది. ఆఖరి రాగం సన్నగా సాగి, వామన్‌రావు ముఖం దగ్గర ఆగింది.

ఆమె చెయ్యి ఎత్తి అట్లాగే నిలబడింది. డేరాలో ఆ పద్యం అయ్యాక అట్లాగే నిలబడాలి. జనం ‘వన్స్‌మోర్’ అంటారు, రాణి మళ్లీ అందుకుంటుంది. నల్లగొండలో మూడుసార్లు పాడించుకుని గానీ వదల్లేదు. వన్స్‌మోర్ పడకుండా ఆ పద్యం దాటిపోయిన రోజు ఆమె జన్మలో లేదు. ఇక్కడ ఒక్కరూ దగ్గలేదు. లైట్ల దగ్గరున్న అంజన్ తల కూడా తిప్పలేదు. చెయ్యి దించేసి, ఉమాపతి కూర్చున్న అద్దాల గది వైపు తిరిగింది.

“మాఫ్ చెయ్యి సారూ. మంచిగ రాలేదు. మళ్ల పాడత.”

ఉమాపతి మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాడు. “మంచిగా రాలేదని ఎవరన్నారండీ?”

“ఎవరు ఏమనలేదు గద.”

అతను తల పట్టుకున్నాడు. ఎర్రదీపం వెలిగితే చీమ కూడా చిటుక్కుమనకూడదన్న కట్టడి స్టూడియోలో అందరికీ తెలుసు. ఆమెకు చెప్పాలని మాత్రం ఎవరికీ తట్టలేదు.

“సూది?” అని అడిగింది.

“గీత దగ్గరకి కూడా రాలేదండీ. కానీ సీను మొదట్నుంచి చివరిదాకా ఆగకుండా రావాలి. నాలుగింటికి ఈ స్టూడియో వేరేవాళ్లకి అప్పగించాలి. పది నిమిషాల సీను, పావుగంట టైముంది. మళ్లీ ఆగితే అంతే సంగతులు.” కాసేపు నసిగాడు. “పోనీ, సులోచన గారితో పాడించి ఇంకోరోజు నింపాదిగా...”

“శర్తు సూదితోని పెట్టుకున్నం. సూది దాటలే. దీపం పెట్టుండ్రి.”

రామానుజం మళ్లీ శృతి ఇచ్చాడు. ఈసారి ఆమె భయం పద్యం గురించి కాదు, పద్యం అయిపోయాక వచ్చే ఆ నిశ్శబ్దం గురించి. పాడింది. రాగం ఆగింది. అలవాటుగా లేవబోయిన చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. చెవులు వద్దన్నా జనం కోసం వెతుకుతున్నాయి. అప్పుడు వామన్‌రావు కళ్లు చూసింది. ముప్ఫయ్యేళ్లు ఆ పద్యం ఆమె వీపు వెనుక నిలబడి విన్న మనిషి ఎదురుగా విని కన్నీళ్లు ఆపుకోలేకపోతున్నాడు. ఈ ఒక్కడూ చాలు అనుకుంది. తర్వాతి మాట అందుకుంది. అతనూ జవాబిచ్చాడు. సీను ఎక్కడా ఆగకుండా చివరిదాకా నడిచింది.

ఎర్రదీపం ఆరింది. అంతసేపూ ఊపిరి బిగబట్టుకున్న వాళ్లంతా ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. అంజన్ నిచ్చెన మీద నుంచే, “వన్స్‌మోర్ అమ్మా” అన్నాడు. రామానుజం అప్పుడే పెట్టె మీద చెయ్యి వేశాడు. అద్దాల గదిలోంచి ఉమాపతి గొంతు స్పీకరులో వినిపించింది.

“టేపు ఆపేశామండీ. ఇంకా రెండు నిమిషాలుంది, సూదితో పనిలేదు. మా కోసం ఒక్కసారి పాడండి. మీ సొంత గొంతుతో.”

రమాబాయి కిరీటం తీసి చంకలో పెట్టుకుంది.

“ఇప్పుడు పాడింది గూడ నా సొంత గొంతే సారూ” అంది. “కడమ పద్యాలు ఏ దినం పెట్టుకుందమో చెప్పుండ్రి.”