సర్దని మూల

గుమ్మంలో చెప్పులు వంకరగా ఉన్నా నిద్ర పట్టని పిల్ల కనుక ఇంట్లో ఆమెను సర్దుళ్ల రాణి అంటారు. డిజైన్ చదువు పూర్తయింది. దుప్పట్ల నుంచి దీపాల దాకా ఇంటికి కావలసిన సమస్తం అమ్మే ఓ పెద్ద షోరూమ్‌లో ఉద్యోగం మీద మనసు పడింది. అక్కడి అలంకరణ విభాగం పెద్దావిడ పరీక్ష పెట్టింది. ముందు దుకాణాన్నీ జనాన్నీ బాగా గమనించాలి, తర్వాత ఒక మూలను తీర్చిదిద్దాలి. జనం అక్కడ ఆగితే ఉద్యోగం, లేదంటే నమస్కారం.

రాణి కాలు కాలిన పిల్లిలా షోరూమంతా తిరిగింది. చిక్కల్లా ఒక్కటే, ఆమె చేతులు ఊరుకోవు. ఎవరైనా తువ్వాలు విప్పి చూసి వెళ్తే చాలు, వెనకాలే వెళ్లి మడతపెట్టేది. కప్పుల పిడులన్నీ ఒకే వైపు తిప్పేది. ఆపైన దూరంగా నిలబడి, ఇక్కడెవరూ ఆగరేమిటి చెప్మా అని తల పట్టుకునేది. వచ్చినవాళ్లేమో ముట్టుకుంటే ఎవరైనా తిడతారన్నట్టు చేతులు వెనక్కి కట్టుకుని సాగిపోయేవారు.

ఒకరోజు తోడుగా పిన్ని వచ్చింది. తిరిగి తిరిగి కాళ్లు పీకేసరికి, ప్రదర్శనకు పెట్టిన కుర్చీలో కూలబడి, చెప్పులు విడిచి, దాని మీదున్న ఊలు దుప్పటి ఒళ్లో కప్పుకుంది.

"పిన్నీ, లే! అది అమ్మకానికి పెట్టింది. నా పరువు తీసేలా ఉన్నావ్."

"అమ్మేదైతే కూర్చుని చూడొద్దుటే? ఈ ఏసీ చలికి దుప్పటి కప్పుకుంటే ప్రాణం లేచొచ్చింది. నువ్వెళ్లి నీ పని చూసుకో."

సిగ్గుతో చచ్చిపోతూ రాణి పక్కకు తప్పుకుంది. తిరిగొచ్చేసరికి పిన్ని చుట్టూ ఆడవాళ్లు మూగారు. "మెత్తగా ఉందాండీ?" అని ఒకావిడ, "నడుముకి బాగుందా?" అని ఇంకొకావిడ. పిన్ని లేవగానే వంతులేసుకుని కూర్చున్నారు. రాణి దుప్పటి మడవబోయి ఆగిపోయింది. ఇన్నాళ్లూ జనాన్ని తరిమేసింది తన మడతలే. తన మీద తనకే ఒళ్లు మండింది, వెంటనే నవ్వూ వచ్చింది.

పరీక్ష రోజున తన మూలలో కుర్చీని కాస్త పక్కకు తిప్పింది. దుప్పటిని కుర్చీ చేతి మీంచి జారవిడిచింది. ఒక పుస్తకం సగంలో తెరిచి పక్కన బోర్లించింది. సర్దమని వేళ్లు పీకుతుంటే చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇదేంటమ్మా, పని సగంలో వదిలేశావ్?" అంది పెద్దావిడ వస్తూనే.

"అయిపోయింది మేడమ్. ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టుంటే, మనకీ కూర్చోవాలనిపిస్తుంది కదా అని..."

ఆవిడ "ఊఁ" అని, ఇంకేవో అడుగుతూ అడుగుతూనే కుర్చీలో కూర్చుంది. దుప్పటి ఒళ్లోకి లాక్కుంది. ప్రశ్నలు అయిపోయినా లేవలేదు.

ఇంతలో ఒక జంట వచ్చి నిలబడింది. కాసేపు ఓపిక పట్టి, భార్య అడగనే అడిగింది.

"ఏమీ అనుకోకండి, మీరు లేస్తే మేమూ ఒకసారి కూర్చుని చూస్తాం."

పెద్దావిడ గబుక్కున లేచింది. ముఖం ఎర్రబడింది కానీ నవ్వు ఆపుకోలేకపోయింది.

"సోమవారం నుంచి పనిలోకి వచ్చెయ్," అంది రాణితో.

రాణికి ఎగిరి గంతేయాలనిపించింది. కుర్చీలో ఆ భార్య అప్పటికే కాళ్లు చాపుకుని కూర్చుంది.